దిద్దమని అడుగుదాం, మన మాటను మాత్రం ఉంచుకుందాం



ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరికగా ఉన్నప్పుడు చదవండి. ఈ నెలలో ముగ్గురు చెల్లెళ్లు, ఒక తమ్ముడు నాకు మెసేజ్ పెట్టారు. నలుగురిదీ దాదాపు ఒకటే మాట. "అక్కా, రాయాలని ఉంది. కానీ నా తెలుగులో తప్పులుంటయి. చదివినోళ్లు నవ్వుతరేమో." ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా ఇక్కడే రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

చెప్పాలనుకున్నది రెండు ముక్కలు. మనం రాసింది తోటి రాసేవాళ్లతో దిద్దించుకోవాలి, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. అయితే ఏది దిద్దనివ్వాలి, ఏది ముట్టుకోనివ్వకూడదు అన్నది మనమే తేల్చుకోవాలి. మొదటిది అందరూ చెప్తారు. రెండోది ఎవరూ చెప్పరు. నాకు మాత్రం రెండోదే పెద్ద సంగతి. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నా గురించి రెండు మాటలు. మాది భద్రాచలం వైపు ఒక కోయ గూడెం. ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నాయన వేలిముద్ర వేస్తాడు. అమ్మ సంతకం నేర్చుకుంది. మా క్లాసులో కొందరు ఏదైనా రాస్తే ఇంటికి ఫోన్ చేసి చదివి వినిపిస్తారు. అవతలి నుంచి అమ్మో నాన్నో "ఆ వాక్యం బాలేదు, ఇట్ల మార్చు" అని చెప్తారు. మనలో చాలామందికి ఆ ఫోన్ చేసే ఇల్లు లేదు. అందుకే మనకు మనమే ఆ ఇల్లు కావాలి.

మేం నలుగురం అట్లాగే కలిశాం. ఒక ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం సభలో పరిచయం. పాడేరు అక్క ఎం.ఏ. తెలుగు చదువుతుంది, ఇంట్లో కువి మాట్లాడతారు. ఉట్నూరు అన్న గోండు, లా చదువుతున్నాడు. మహబూబాబాద్ తమ్ముడిది లంబాడా తండా. బయట మన మధ్య ఎన్ని వాదాలు నడుస్తున్నాయో మీకు తెలుసు, నేను వాటిలోకి పోను. రాత్రి తొమ్మిదిన్నరకు నేను పంపిన పేజీలో ఒత్తులు సరిచేసి పదింటికల్లా తిప్పి పంపేది ఆ తమ్ముడే. ఆ మాట మాత్రం చెప్పకుండా ఉండలేను.

ఒత్తుల దగ్గరే మొదలుపెడతా, ఎందుకంటే మనల్ని ఎక్కువ భయపెట్టేవి అవే. బాధ, భాద. బాధ్యత, భాద్యత. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. కోయలో ఈ ఒత్తు పలికేది లేదు. చిన్నప్పటి నుంచి చెవికి వినిపించని తేడా చేతికి ఎట్లా వస్తుంది? దానికితోడు ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొడతాం. హెచ్ అక్షరం ఒక చోటు అటు జరిగితే చాలు, బాధ కాస్తా భాద అవుతుంది.

తమ్ముడికి ఈ చిక్కు లేదు. లంబాడీలో ఇంటిని ఘర్ అంటారు, గుర్రాన్ని ఘోడో అంటారు. పుట్టినప్పటి నుంచి ఘ వింటూ పెరిగినవాడికి గ వేరు, ఘ వేరు. అందుకే మా నలుగురిలో ఒత్తుల పని వాడిదే.

ఇంకో సంగతి పాడేరు అక్క చెప్పింది. నాకు చాలా ధైర్యం వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకు లెక్కగట్టిన అక్షరాలు 36 మాత్రమే. ఖ, ఘ, ధ, భ లాంటివి ఆ లెక్కలో లేవు. అవి సంస్కృతం మాటలతో పాటు వచ్చినవి. అమ్మ, ఇల్లు, అడవి, వాన, కూడు, చేను, వాగు, చెట్టు. వీటిలో ఒక్కదానికైనా ఆ ఒత్తు ఉందా చూడండి. అంటే అది తెలుగింటికి కూడా చుట్టంగా వచ్చిందే. మన నోటికి రాలేదని మనం తక్కువవాళ్లం అయిపోం. అట్లాగని వదిలేయమని కాదు. ఆ మాటలు వాడితే సరిగ్గానే రాయాలి. అయితే సిగ్గుతో కాదు, లెక్కలో ఎక్కం నేర్చుకున్నట్టు నేర్చుకుంటే సరిపోతుంది.

నేను ఒక నోటుబుక్ పెట్టుకున్నా. తమ్ముడు సరిచేసిన ప్రతి మాటా అందులో ఎక్కిస్తా. ఇప్పటికి పదకొండు పేజీలు అయ్యాయి. చూస్తే ఏముంది, తిరిగి తిరిగి వచ్చేవి ముప్పై నలభై మాటలే. అభివృద్ధి, విద్యార్థి, అధికారి, సంఘం, ధ్రువపత్రం, ఫలితం. మన దరఖాస్తుల్లో వచ్చే మాటలన్నీ ఇవే కదా! ఈ ముప్పై నలభై వస్తే సగం భయం పోతుంది. ఇంకొకటి, లో, కి, తో లాంటివి మాటకు అంటించి రాయాలి. "కాలేజీలో" ఒకటే మాట, మధ్యలో ఖాళీ వదలకూడదు. ఫోన్లో కొట్టేటప్పుడు మనం చాలామందిమి విడగొట్టేస్తాం.

ఇక వ్యాకరణం. ఇక్కడ ఒక తమాషా జరిగింది.

మా గూడెం విత్తనాల పండుం గురించి రాస్తూ ఒక చోట "ఆడవాళ్లు రాత్రంతా రేల పాడినయి" అని రాశాను. వేరే ఎవరైనా అయితే గీత కొట్టి "పాడారు" అని పెట్టి ఊరుకునేవాళ్లు. పాడేరు అక్క గీత కొట్టలేదు, ఫోన్ చేసింది. "మీ ఇంట్లో కూడా ఇట్లాగే అంటారా?" అని అడిగింది. అవును, మా అవ్వ తెలుగు మాట్లాడితే "ఆడోళ్లు పోయినయ్, వచ్చినయ్" అంటది. అక్క నవ్వింది. "మా అమ్మ కూడా అంతే."

అప్పుడు అక్క విడమరిచి చెప్పింది. తెలుగులో ఒక్క ఆడమనిషి అయితే "వచ్చింది". ఆవు వచ్చినా "వచ్చింది". ఎక్కువ మంది అయితే మాత్రం మగవాళ్లయినా ఆడవాళ్లయినా "వచ్చారు". కోయలో, గోండిలో, కువిలో లెక్క వేరే. ఒక్కరైనా పదిమందైనా మగవాళ్లు ఒక వైపు, మిగతా అంతా ఇంకో వైపు. మన ఇంటి భాష లెక్కను మన నోరు తెలుగులోకి మోసుకొస్తుంది, అంతే. ఉట్నూరు అన్నను అడిగితే "మా పెద్దమ్మలు కూడా అట్లాగే మాట్లాడుతరు" అన్నాడు. మూడు జిల్లాల్లో ముగ్గురం, ఒకరికొకరం తెలియకుండా ఒకే వాక్యం రాస్తున్నామంటే అది తెలివితక్కువతనం ఎట్లా అవుతుంది? దాని వెనక ఒక భాష ఉంది.

వాక్యం మార్చాం. "ఆడవాళ్లు రాత్రంతా రేల పాడారు." తెలుగు చదివేవాళ్లకు "పాడినయి" అంటే ఆడవాళ్లను మనుషుల్లో లెక్కపెట్టనట్టు ఉంటుంది. ఆ అర్థం నాకు వద్దు. కానీ అదే వ్యాసంలో మా అవ్వ మాట్లాడే చోట "ఆడోళ్లు పాడినయ్" అనే ఉంచాం. అది ఆమె నోటి మాట. దాన్ని సరిచేసే హక్కు నాకూ లేదు, అక్కకూ లేదు.

ఇప్పుడు రెండో ముక్క దగ్గరికి వస్తున్నా.

అదే వ్యాసాన్ని తర్వాత ఒక చోట అచ్చుకు ఇచ్చాను. అక్కడ దిద్దినాయన మంచివాడే, కష్టపడి చదివాడు, ఒత్తులన్నీ చూశాడు. కానీ అచ్చులో "పండుం" ఉన్న చోటల్లా "పండుగ" అయింది. "వేల్పు" పోయి "దేవుడు" వచ్చాడు. "మాది మూడో గట్టు" అని నేను రాసిన చోట "మాది మూడో గోత్రం" అని ఉంది. కోయవాళ్లెవరైనా అది చదివితే ఆగిపోతారు. గట్టు అంటే ఏరు గట్టు కాదు, గోత్రమూ కాదు. మనకు మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని ఉంటాయి. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరింటికి పిల్లనివ్వొచ్చు, ఏ వేల్పును ఎవరు కొలవాలి అన్నదంతా దాని మీదే నడుస్తుంది. ఆ ఒక్క మాట మార్చితే నా ఇంటి అడ్రసు మారినట్టే. ఆయన నాకు ఒక్క ఫోన్ చేసి ఉంటే అయిపోయేది.

ఫోన్ కూడా ఇదే పని చేస్తుంది. "పండుం" అని కొడితే "పండు" అని చూపిస్తది. చూసుకోకుండా నొక్కామా, మన పండుం పోయి చెట్టుకు కాసే పండు మిగులుతుంది.

గిడుగు రామమూర్తి గారి పేరు మీరు విని ఉంటారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాం. 1863లో పుట్టారు. జనం మాట్లాడే తెలుగులోనే చదువులు, రాతలు ఉండాలని జీవితమంతా వాదించారు. కాలేజీలో ఆ రోజు ఉపన్యాసాల్లో ఇంతవరకే చెప్తారు. ఆయన సవర నేర్చుకున్నారని, సవర పిల్లల చదువు కోసం పాటుపడ్డారని, సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణ పుస్తకం 1931లో అచ్చయిందని తక్కువ మంది చెప్తారు. సవర మాటను ఉన్నది ఉన్నట్టు విని రాసుకున్న మనిషే తెలుగులో జనం మాట తప్పు కాదన్నాడు. మనం రాసింది దిద్దేవాళ్లకు మనం అడిగేది కూడా అదే. ముందు వినండి, తర్వాత దిద్దండి.

ఇదంతా వ్యాసాల సంగతే అయితే ఇంత పెద్ద పోస్టు రాసేదాన్ని కాదు. మా నాయన దరఖాస్తు సంగతి చెప్తా వినండి.

మాకు రెండున్నర ఎకరాల పోడు ఉంది. పట్టా లేదు. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం ఆదివాసీలకు కావలసింది ఏమిటంటే, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ ఆ భూమి మన సాగులో ఉండాలి. ఆ తేదీ నాటికి నేను ఉయ్యాలలో ఉన్నా. అప్పటి భూమి గురించి ఇప్పుడు నేను కాగితం మీద రాయాలి. దరఖాస్తు గ్రామ సభకు ఇవ్వాలి. ఒక్క ఆధారం సరిపోదు, ఒకటికంటే ఎక్కువ చూస్తారు. ఆ ఆధారాల్లో ఊరి పెద్దల మాట కూడా ఒకటి. దరఖాస్తు పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దవాళ్లు చెప్పింది రాసి జతచేయొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి మీ ఊళ్లో కూడా చెప్పండి.

మా గూడెంలో ఒక తాత చెప్పింది నేను రాసుకున్నా. "గోదారికి పెద్ద వరద వచ్చిన ఏడు. కింద పొలాలన్నీ మునిగినయ్. ఆ ఏడే వీళ్ల తాత పైన ఇప్పచెట్టు కాడ పోడు కొట్టిండు. నేను కూడా బదులు పోయిన." ఇంతే చెప్పాడు. తెలిసిన పెద్దమనిషి ఒకాయన పట్నంలో ఉంటాడు, సాయం చేస్తానంటే చూపించాం. ఆయన మంచి తెలుగులో తిరగరాసి ఇచ్చాడు. "సదరు భూమిని దరఖాస్తుదారు కుటుంబం అడవిని నరికి సాగు చేయుచున్నది." వరద తీసేశాడు, ఇప్పచెట్టు తీసేశాడు. అనవసరం అన్నాడు.

ఉట్నూరు అన్నకు రెండూ పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "చెల్లె, ఇందులో వ్యాకరణం తప్పు ఒక్కటి లేదు. కేసు కూడా లేదు" అన్నాడు. ఒక్కో మాట పట్టుకుని చెప్పాడు. "సాగు చేయుచున్నది" అంటే ఇప్పుడు చేస్తున్నారని మాత్రమే. ఎప్పటి నుంచి? చట్టం అడిగేదే అది. "అడవిని నరికి" అంటే మన నోటితో మనమే నేరం రాసిచ్చినట్టు. తాత అన్న "పోడు కొట్టడం" అట్లాంటిది కాదు, అది ఒక సాగు పద్ధతి పేరు. ఇక వరద. అది అనవసరం కాదు, మొత్తం కాగితంలో ఉన్న ఒకే ఒక్క తేదీ అదే. గోదావరికి పెద్ద వరద 1986 ఆగస్టులో వచ్చింది. భద్రాచలం దగ్గర నీళ్లు 75.6 అడుగులు ఎక్కాయి. అంటే చట్టం అడిగిన తేదీకి పందొమ్మిదేళ్ల ముందు. తాతకు ఏడాది నంబరు తెలియదు. వరద తెలుసు. ఇప్పచెట్టు హద్దు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

తాత మాటలు చెప్పినవి చెప్పినట్టే పెట్టాం. ఒక్క అక్షరం దిద్దలేదు. కింద వేరే వాక్యంలో "తాత చెప్పిన వరద 1986 నాటిది" అని రాశాం. దరఖాస్తులో "1986 నుంచి మా కుటుంబం సాగులో ఉంది" అని పెట్టాం. ఒత్తులు తమ్ముడు చూశాడు. వాక్యాలు పాడేరు అక్క చూసింది.

తర్వాత టైపు చేయించాం. టైపు సెంటర్లో వాళ్ల దగ్గర ముందే ఉన్న నమూనాలో కొట్టి ఇచ్చారు. ఇంటికి తీసుకెళ్లి సాయంత్రం నాయనకు, అమ్మకు, తాతకు గట్టిగా చదివి వినిపించా. "దరఖాస్తుదారు ఆక్రమణలో ఉన్న భూమి" అన్న చోట నాయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆక్రమణ అంటే ఏంది?"

చెప్పాను.

"అంటే ఎవల్దో గుంజుకున్నట్టే గదా. మనం ఎవల్ది గుంజుకున్నం?"

నలుగురం చదువుకున్నవాళ్లం ఉన్నాం. టైపు కాగితం చూసి ఆగింది మాత్రం మా నాయనే. రాత్రికి అన్నకు చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇంగ్లిష్ చట్టంలో ఉన్న మాటకు రెండు అర్థాలు తియ్యొచ్చు, నమూనాలో చెడ్డది పడ్డది. మీ నాయన చెప్పిందే సరి" అన్నాడు. "సాగులో, స్వాధీనంలో ఉన్న భూమి" అని మార్పించి మళ్లీ టైపు చేయించాం. ఇరవై రూపాయలు ఎక్కువ అయింది.

దరఖాస్తు గ్రామ సభలో ఇచ్చాం. అక్కడి నుంచి డివిజన్ కమిటీకి, ఆ తర్వాత జిల్లా కమిటీకి పోవాలి. పట్టా ఇంకా రాలేదు. వస్తుందో రాదో నేను చెప్పలేను. కానీ రేపు ఎవరైనా ఆ కాగితం తీసి చదివితే మా నాయనను దొంగను చేసే మాట అందులో ఒక్కటి కూడా లేదు. మా తాత చెప్పిన వరద ఉంది.

అందుకే మెసేజ్ పెట్టిన చెల్లెళ్లకు, తమ్ముడికి, మిగతా అందరికీ మేం నలుగురం పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నా. మీకు కుదిరినట్టు మార్చుకోండి.

1. రాసింది పంపేటప్పుడు ఏం చూడాలో చెప్పండి. "ఒత్తులు చూడు", "వాక్యాలు చూడు", "అర్థమవుతుందా చూడు". ఊరికే "ఎట్లుంది?" అంటే "బాగుంది" అనే జవాబు వస్తుంది. దాంతో ఏ పనీ జరగదు.

2. దిద్దేవాళ్లు తుడిచేసి రాయకూడదు. మనం రాసింది అట్లాగే ఉంచి, పక్కన వాళ్ల మాట పెట్టాలి. రెండూ కనిపిస్తేనే మనం ఎంచుకోగలం.

3. తెలియని మాట కనిపిస్తే ముందు ఒక ప్రశ్న అడగాలి. "ఇది టైపులో పడ్డదా, మీ మాటా?" మా నలుగురిలో ఈ ప్రశ్న అడగకుండా ఎవరూ ఏ మాటా మార్చరు.

4. మార్చమన్నప్పుడు ఎందుకో చెప్పించుకోండి. కారణం తెలిస్తే అది మీ నోటుబుక్కులోకి ఎక్కుతుంది, మళ్లీ అడగాల్సిన పని ఉండదు. కారణం చెప్పలేకపోతే మార్చక్కర్లేదు.

5. ఒకటి పంపితే ఒకటి చదవండి. నాట్లకు బదులు పోయినట్టే ఇది. నాకు వ్యాకరణం రాదు, నేనేం చదవను అనుకోవద్దు. ఎక్కడ అర్థం కాలేదో చెప్పడానికి వ్యాకరణం అక్కర్లేదు.

6. కాగితం ఎవరి గురించో వాళ్లకు గట్టిగా చదివి వినిపించండి. చదువు రానివాళ్లయితే తప్పకుండా వినిపించండి. కథ అయినా, వ్యాసం అయినా, దరఖాస్తు అయినా సరే.

ఆదివారం రాత్రి ఎనిమిదింటి నుంచి పదింటి దాకా నేను ఖాళీ. పది తర్వాత మా హాస్టల్లో లైట్లు తీసేస్తారు. ఒక పేజీకి మించకుండా పంపండి. ఒత్తులు ఎక్కువ ఉంటే తమ్ముడికి ఇస్తా, దరఖాస్తు అయితే అన్నకు చూపిస్తా. కువి, సవర, కొలామి, కొండ భాషల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా చదివి దిద్దడానికి ముందుకొస్తే ఇంకా మంచిది. మీ ఇంటి మాట కనిపెట్టడానికి మా నలుగురం చాలం.

మొదట మెసేజ్ పెట్టిన చెల్లెకి: నీ అవ్వ ఇప్పపువ్వు ఏరే సంగతి రాస్తానన్నావు కదా, ఈ ఆదివారమే పంపు.

జై ఆదివాసీ. జోహార్.